నేను చేయని ప్రార్థన

మా ఆయన చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పిన ఆదివారం నాకు బాగా గుర్తుంది. తెల్ల చొక్కా వేసుకున్నాడు. మనిషి చిక్కిపోయి, దవడలు లోపలికి పోయి, ఎవరో దూరపు చుట్టంలా ఉన్నాడు. అప్పటికి మేం విడిపోయి చాలా ఏళ్ళయింది. మా చర్చి కె.ఆర్.పురంలో ఒక హార్డ్‌వేర్ షాపు పైన, అద్దె హాల్లో జరుగుతుంది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఒక వైపు పాత ఫ్యాను. ఆయన మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను సచ్చిపోవాల్సినోణ్ణి. ఈ పొద్దు మీ ముందర నిలబడి ఉండానంటే నా భార్య చేసిన ప్రార్థన. నేను కొట్టినా, తిట్టినా, ఆమె నాకోసరం మోకాళ్ళ మీద ఉన్నింది."

హాలంతా "స్తోత్రం" అంది. నా పక్కనున్న ఆవిడ నా చేతిని పట్టుకుని ఏడ్చేసింది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను తల వంచుకున్నాను. వినయంతో వంచుకున్నానని వాళ్ళనుకున్నారు.

నేను ఆయన కోసం ప్రార్థన చేసిన మాట నిజమే. కానీ ఆయన చెప్పిన ప్రార్థన కాదు.

మాది ఒంగోలు వైపు. నర్సింగ్ చదివి బెంగళూరు వచ్చాను, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం. మా హాస్టలు నుంచి ఆసుపత్రికి సిబ్బందిని తీసుకెళ్ళే బస్సు నడిపేవాడు ఆయన. వాళ్ళ తాత ముత్తాతలు ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. మొదట్లో ఆయన తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. నేను ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వస్తుంటే అద్దంలో చూసి, బస్సు చెడిపోయినట్టు ఇంజను ఆపేసి, మళ్ళీ స్టార్టు చేసినట్టు నటించేవాడు. లోపల అమ్మాయిలు గొడవ చేస్తే "ఏమ్ చేసేది అప్పా, బండి ముసలిదైపోయింది" అనేవాడు. నేను ఎక్కగానే బండికి వయసు తిరిగొచ్చేది. అలా మొదలైంది. వాళ్ళు హిందువులు. నా కోసం ఇంట్లో అందరితో పోట్లాడి, బాప్తిస్మం తీసుకుని నన్ను చేసుకున్నాడు. మా పెళ్ళికి వాళ్ళ వైపు నుంచి ఒక్కరూ రాలేదు. ఆ రోజు నవ్వుతూనే ఉన్నాడు గానీ, వచ్చేవాళ్ళ కోసం గేటు వైపు చూస్తూనే ఉన్నాడు.

తాగుడు ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. ముందు పండక్కి, తర్వాత జీతం రోజుకి, తర్వాత ఏ కారణమూ అక్కర్లేకుండా. ఉద్యోగం పోయింది. అన్నం పళ్ళెం గోడకేసి కొట్టేవాడు. ఒకసారి నా చెయ్యి మెలిపెడితే, మర్నాడు వార్డులో సెలైన్ బాటిలు ఎత్తలేకపోయాను. మెట్ల మీద జారానని చెప్పాను. నర్సు చెప్పే ఆ అబద్ధం మిగతా నర్సులకి తెలియదా? తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

నేను ఇల్లు వదిలింది మాత్రం దెబ్బలకి కాదు. ఒక మధ్యాహ్నం మా అమ్మాయిని స్కూలు నుంచి తీసుకొస్తున్నాను. అప్పటికి దానికి ఏడేళ్ళుంటాయేమో. ఆయన గుమ్మానికి అడ్డంగా పడిపోయి ఉన్నాడు. నేను నిలబడిపోయాను. అది నా చెయ్యి వదిలించుకుని, స్కూలు బ్యాగు కొంచెం పైకి పట్టుకుని, వాళ్ళ నాన్నని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. వర్షంలో నీళ్ళ గుంటని దాటినట్టు. కిందికి చూడను కూడా చూడలేదు. అది అంతకుముందు ఎన్నిసార్లు అలా దాటితే అంత అలవాటయిందో అనుకున్నాను. సాయంత్రానికల్లా రెండు సంచులు సర్దుకుని, రైల్వే స్టేషను దగ్గర తోటి నర్సు ఇంటికి వెళ్ళిపోయాను. తర్వాత అక్కడే ఒక గది చూసుకున్నాను. ఆయన రెండు మూడుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. తియ్యలేదు.

పిల్లతో మాత్రం రోజూ ప్రార్థన చేయించేదాన్ని. "నాన్నని మార్చు ప్రభువా" అని అది చేతులు జోడించి చెప్పేది. నేను ఆమేన్ అనేదాన్ని. కొన్నాళ్ళకి అది కూడా అలవాటు మాటే అయింది.

అప్పుడు నేను లివరు చెడిపోయినవాళ్ళ వార్డులో చేస్తున్నాను. పొట్ట ఉబ్బి, కళ్ళు పసుపెక్కి, ముప్ఫై ఐదు నలభై ఏళ్ళ మగవాళ్ళు. వాళ్ళ పెళ్ళాలు మంచాల పక్కన స్టూళ్ళ మీద కూర్చుని ఉండేవాళ్ళు. ఒక రోజు ఒకాయన పోయాడు. ఆయన భార్య ఏడవలేదు. మొహం కడుక్కుని వచ్చి, స్టూలు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో కాళ్ళు చాపుకున్న మనిషిలా ఉంది. నాకు ఆమె మీద అసూయ కలిగింది.

ఆ శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. మీ మనవి ఏదో మీరే మనసులో ప్రభువుకి చెప్పుకోండి అన్నారు పాస్టరుగారు. నేను కళ్ళు మూసుకుని, "ఆయన్ని తీసుకుపో ప్రభువా" అన్నాను. బాధ లేకుండా నిద్రలోనే తీసుకుపో అని కూడా అన్నాను. అదేదో దయ చూపిస్తున్నట్టు. ఆ తర్వాత మరి కొన్ని శుక్రవారాలు అదే అడిగాను. కళ్ళ వెంట నీళ్ళు కారేవి. పక్కవాళ్ళు నా వీపు నిమిరేవాళ్ళు.

అప్పట్నుంచి చర్చిలో ఇచ్చే ప్రభు భోజనం, ఆ రొట్టే ద్రాక్షరసమూ, అలాంటి మనసుతో తీసుకోలేక మానేశాను. అది ఇచ్చే నెల మొదటి ఆదివారం వచ్చిందంటే కావాలని డ్యూటీ వేయించుకునేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆయన్ని ఎవరో పుణ్యాత్ములు రోడ్డు పక్క నుంచి ఎత్తుకెళ్ళి, హోసూరు రోడ్డు వైపు తాగుడు మాన్పించే ఒక ఆశ్రమంలో చేర్చారట. పారిపోయి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ పారిపోయి, చివరికి అక్కడే ఉండిపోయాడట. అక్కడ వంటింట్లో పని నేర్చుకుని, అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో చేరాడు. చందాపురలో తోటి పనివాళ్ళతో గదిలో ఉండేవాడు. ఇవన్నీ నాకు ఆ సాక్ష్యం రోజునే తెలిశాయి.

తర్వాతి వారం పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి. నా కష్టంలో బియ్యం మూటలు పంపినావిడ. టీ తాగుతూ, "దేవుడు మీ ప్రార్థన ఆలకించాడమ్మా. ఇంక ఆయన్ని బయట నిలబెట్టడం న్యాయమేనా?" అన్నారు.

నేను టీ కప్పులు తీసి లోపల పెట్టాను. పీయూసీ, అంటే ఇంటరు, చదువుతున్న మా అమ్మాయి పక్క గదిలోంచి అంతా విన్నది. ఆవిడ వెళ్ళాక వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, రోజూ నాతో ప్రేయర్ చేయించావు కదా, నాన్నని మార్చమని. మారారు కదా. మరి ఇప్పుడేంటి ప్రాబ్లమ్?"

దానికి ఏం చెప్పను? నువ్వు అడిగింది వేరు, నేను అడిగింది వేరు, దేవుడు నీ మాట విన్నాడు అని చెప్పనా?

ఆయన్ని ఇంటికి రమ్మన్నాను. ప్రేమతో పిలిచానని అనలేను. అంత పాపపు ప్రార్థన చేసినదాన్ని, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అని పిలిచాను.

ఆయన ఒక చిన్న పెట్టెతో వచ్చాడు. పొద్దున్నే చీకటితో లేచి అత్తిబెలె వెళ్ళేవాడు. రెండు బస్సులు మారాలి. సాయంత్రం వచ్చి మళ్ళీ ఇంట్లో వంట తనే చేసేవాడు. రాగి సంకటి, దాన్లోకి ఉప్పుసారు అనే పప్పుకట్టు చారు, పిల్లకిష్టమని పొడి పొడిగా పులిహోర. గట్టిగా మాట్లాడేవాడు కాదు. నేను మాత్రం మారలేదు. చెంచా కిందపడితే ఉలిక్కిపడేదాన్ని. ఆయన వంగి కూరగాయల సంచి తీస్తుంటే వెనక నుంచి వెళ్ళి వాసన చూసేదాన్ని. ఆయనకి తెలియదనే అనుకున్నాను.

ఒక సాయంత్రం బెల్లు కొట్టాడు. తాళం చెవి ఆయన దగ్గరే ఉంది, అయినా కొట్టాడు. తలుపు తీశాను. చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే నిలబడి, నోరు తెరిచి నా మొహం మీద "హా" అని ఊపిరి వదిలాడు. ఉల్లిపాయల వాసన, పొద్దుటి నుంచి సరిగ్గా తినని మనిషి నోటి వాసన. అంతే.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"నువ్వు ఎట్లాగూ చూస్తావు కదా, ఎనక నుంచి. దొంగతనంగా ఎందుకు? నేరుగానే చూసుకో." ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. గేటు దగ్గర చీటీ చూపించి లోపలికి వెళ్ళే మనిషిలా అన్నాడు.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అలా చెయ్యొద్దని బతిమాలాను. సరేనన్నాడు. మర్నాడు మామూలుగా లోపలికి రాబోయాడు. నేను గుమ్మంలోంచి పక్కకి తప్పుకోవడానికి ఒక్క క్షణం ఆలస్యం చేశాను. అది ఆయన చూశాడు. గుమ్మం బయటే ఆగి, మళ్ళీ ఊపిరి వదిలాడు. ఇక అది రోజూ జరిగే పనైపోయింది. మా అమ్మాయి ఒకసారి చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ రోజుల్లోనే చర్చిలో ఒక చిన్నది నాకు దగ్గరైంది. మదనపల్లె వైపు పిల్ల, గార్మెంట్స్‌లో ఇస్త్రీ పని. మొగుడు టైల్స్ పరిచే పనికి వెళతాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చీర కొంగు మణికట్టు మీదికి లాక్కుంటోంది. నర్సు కళ్ళకి అలాంటివి దాగవు. పక్కకి తీసుకెళ్ళి చూశాను. వాచి ఉంది. నా బ్యాగులో ఉన్న గుడ్డ కట్టు కట్టాను.

"ఎందుకు పడుతున్నావమ్మా?" అన్నాను.

"అన్న చెప్పిన సాక్ష్యం విన్నాను గదక్కా. మీరు ఎన్నేండ్లు ఓర్చుకుంటిరి! నేను కూడా మీ మాదిరే ఓర్చుకుంటా. శుక్రవారం ఉపవాసం పట్టినాను. దేవుడు నా మొగుణ్ణి కూడా మారుస్తాడు."

అప్పుడే చెప్పాల్సింది. నేను ఓర్చుకోలేదే పిల్లా, బిడ్డని తీసుకుని పారిపోయాను, తలుపు గడియ వేసుకున్నాను, ఆ తర్వాత ఆయన చావాలని కోరుకున్నాను అని. చుట్టూ మనుషులున్నారు. పాస్టరమ్మగారు మమ్మల్నే చూసి నవ్వుతున్నారు. నన్ను గొప్ప ప్రార్థనాపరురాలని అనుకుంటున్నారు అందరూ. అది నాకు బరువే గానీ, దించుకోవాలంటే సిగ్గేసింది.

"ప్రార్థన చేసుకో అమ్మా" అన్నాను.

ఆ వారం తిరక్కుండానే ఆ పిల్ల మా ఆసుపత్రికి వచ్చింది. క్యాజువాలిటీ నుంచి ఫోన్ చేసి, మీ పేరు చెప్తోంది సిస్టర్ అన్నారు. వెళ్ళాను. భుజం దగ్గర ఎముక విరిగింది. మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే నవ్వడానికి ప్రయత్నించింది.

"నా ప్రార్థన సాలలేదేమో అక్కా" అంది.

ఆ మాట విని దాని మంచం అంచున కూర్చున్నాను. ఆ ఎముక విరిచినవాడు దాని మొగుడే. కానీ ఆ ఇంట్లో దాన్ని ఉండమన్నది నేను.

ఇంటికి వచ్చేసరికి ఆయన వంటింట్లో నేల మీద కూర్చుని మెంతికూర ఒలుస్తున్నాడు. నేను బ్యాగు కూడా దించకుండా ఎదురుగా చతికిలబడ్డాను. ఆ పిల్ల సంగతి చెప్పాను. తర్వాత అదీ చెప్పేశాను.

"మీరు మారాలని నేను ప్రార్థన చెయ్యలేదండీ. మొదట్లో చేశాను. తర్వాత మీరు చచ్చిపోవాలని చేశాను. కన్నీళ్ళు పెట్టుకుని చేశాను. మీరు అందరి ముందూ నన్ను మెచ్చుకుంటుంటే ఒక్కసారి కూడా కాదనలేదు."

ఆయన చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. నేను భయపడ్డాను. అలవాటైన భయమే, పళ్ళెం ఎగిరొస్తుందేమోనని కళ్ళు సగం మూసుకున్నాను. అది గమనించి, ఆయన మెంతికూర పళ్ళేన్ని దూరంగా జరిపాడు.

"ఆ ప్రార్థన నేనూ చేసినానే," అన్నాడు. "చందాపుర బ్రిడ్జి కింద పడుకున్నప్పుడు. నన్ను తీసుకుపో సామీ, వాళ్ళన్నా బాగుండనీ అని. మన ఇద్దరి మాటా ఆయన వినలేదు."

నేను ఏడ్చాను. ఆయన నన్ను ముట్టుకోలేదు. ముట్టుకుంటే నేను ఉలిక్కిపడతానని ఆయనకి తెలుసు.

"నువ్వు పోయింది మంచిపని," అన్నాడు మళ్ళీ. "ఉండుంటే ఏదో ఒక రోజు నా చేతిలో పోయుంటావు. ఆ బిడ్డ మొగుడు మారతాడో లేదో నాకు తెలీదు. ఆ బిడ్డ చెయ్యి మాత్రం ఇంగోసారి ఇరగకూడదు. పోయి చెప్పు."

స్త్రీల కూడికలో చెప్పాను. నన్ను మాదిరిగా చూపించి నాలుగు మాటలు చెప్పించాలని పాస్టరమ్మగారు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. లేచి నిలబడి, ఇల్లు వదిలిన సంగతి, తలుపు తియ్యని సంగతి, శుక్రవారాల్లో నేను అడిగిన సంగతి, ఒకటీ దాచకుండా చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వినబడింది. ఇద్దరు ముగ్గురు ఆ రోజు నుంచి నాకు వందనాలు చెప్పడం మానేశారు. వాళ్ళని తప్పు పట్టను.

పాస్టరమ్మగారు అందరూ వెళ్ళేదాకా ఆగారు. మొహం పాలిపోయి ఉంది. నన్ను మందలిస్తారనుకున్నాను.

"ఆ పిల్లకి ఓర్చుకోమని నేను కూడా చెప్పానమ్మా" అన్నారు. బ్యాగు భుజానికి తగిలించుకుని, "ఎక్కడికి పంపిద్దాం?" అని అడిగారు.

చందాపురలో ఆ పిల్ల అక్క ఉంది. మేమిద్దరం ఆటోలో తీసుకెళ్ళి దింపి వచ్చాం. దారిలో ఆ పిల్ల విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేది.

మా ఆయన తర్వాత ఒకసారి సాక్ష్యం చెప్పాడు. "నా భార్య నన్ను ఇడిచిపెట్టి మంచిపని చేసింది" అని మొదలుపెట్టాడు. ఏం చెయ్యాలో తెలియక జనం మొహాలు చూసుకున్నారు. ముందు వరసలో చెవులు సరిగ్గా వినపడని ముసలమ్మ ఒకావిడ గట్టిగా స్తోత్రం అంది. మా అమ్మాయి నవ్వాపుకోలేక నా భుజం మీద తల పెట్టేసింది. నాకూ నవ్వొచ్చింది.

పెళ్ళినాటి ప్రేమ తిరిగొచ్చిందా అంటే, రాలేదు. ఇంజను ఆపేసి నాకోసం చూసిన ఆ కుర్రాడు ఎటో పోయాడు. ఎక్కడని వెతకను? ఆ బస్సు కోసం పరుగెత్తుకుంటూ వెళ్ళిన అప్పటి నేను కూడా లేను. ఇప్పుడున్న మనిషి వేరు. నెమ్మదస్తుడు, మోకాళ్ళ నొప్పులున్నవాడు, నా డ్యూటీ చార్టు నాకంటే బాగా గుర్తుంచుకునేవాడు. ఈయన్ని నేను కొత్తగా ఎరుగుతున్నాను. కొన్ని రోజులు ఇష్టంగా ఉంటుంది. కొన్ని రోజులు ఈయన మొహంలో పళ్ళెం విసిరిన ఆయన కనబడతాడు. ఆ రోజుల్లో ఈయన చేసిన తప్పేదీ లేకపోయినా నేను ముభావంగా ఉంటాను. ఏమైందని ఈయన అడగడు. అడిగితే బాగుండునని, అడగకపోతేనే నయమని, రెండూ అనిపిస్తాయి.

మదనపల్లె పిల్ల మొన్న మా ఇంటికి వచ్చింది. భుజం అతికింది గానీ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. ఇస్త్రీ పని మానేసి గుండీలు కుట్టే దగ్గర కూర్చుంటోంది. తల దువ్వుకోవడం కూడా ఎడమచేత్తోనేనట. చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన వండిన పప్పూ చారూ తెచ్చి అందరం కింద కూర్చున్నాం. మొగుడు రమ్మని మనుషుల్ని పంపుతున్నాడట. తాగుడు మానేశాడట, చర్చికి కూడా వస్తాడట.

నేను ఏం చెబుతానా అని చూసింది. ఒకసారి నోటికొచ్చిన మాట చెప్పినదాన్ని, ఈసారి నేను ఆయన వంక చూశాను. అప్పుడు మా ఆయన వైపు తిరిగింది.

"అన్నా, మీరైనా చెప్పండి. మనిషి నిజంగా మారినాడో లేదో ఎట్లా తెలిసేది?"

ఆయన చారు గిన్నె కింద పెట్టాడు. "నాకు తెలీదు తల్లీ. నువ్వు మీ అక్క ఇంట్లోనే ఉండు. నిజంగా మారుంటే ఆడికే వచ్చిపోతా ఉంటాడు, ఎన్ని దినాలైనా." నన్ను చూపించి అన్నాడు, "నేను మారినానో లేదో ఈయమ్మకే ఇంకా తెలీదు."

ఆ పిల్ల నా వంక చూసింది. కాదు, నాకు తెలుసు అని చెప్పాలని ఉంది నాకు. చెప్పలేకపోయాను. ఆయన పళ్ళెంలో అన్నం అయిపోవచ్చింది. ఇంకొంచెం వడ్డించాను.